కత్తెర కాళ్ళు: దవడ నొప్పి వెనక ఒక తారీఖ్

థాయ్ భాషలో దవడని 'ఖా కన్‌క్రాయ్' అంటారు. ఖా అంటే కాలు. కన్‌క్రాయ్ అంటే కత్తెర. కత్తెర కాళ్ళు! కత్తెరకి రెండు కాళ్ళు కలిసేచోట మేకు ఉన్నట్టే దవడకీ చెవి ముందర ఒక కీలు ఉంటుంది. ఆ మేకు బిగుసుకుపోతే కత్తెర తెరుచుకోదు. ఈ మాట పుట్టించిన ఆ పాతకాలపు మనిషెవరో దవడని చేత్తో పట్టుకుని చూసినవాడే అయ్యుంటాడని నా ఖయాల్.

మన తెలుగులో దవడ బిగుసుకోవడానికి పేరు లేదు గాని, అది ఎందుకు బిగుసుకుంటుందో చెప్పే మాట ఉంది. 'పంటి బిగువున ఓర్చుకున్నాను' అంటాం. ఏడుపుని, కోపాన్ని, అవమానాన్ని మనం పళ్ళ మధ్య పెట్టి నొక్కేస్తాం. ఉర్దూలో 'దాంత్ పీస్‌నా' అంటే పళ్ళు నూరడం, అంటే లోపలే రగిలిపోవడం. గరీబోళ్ళు, ఆడోళ్ళు, కిందకులాల వాళ్ళు, నోరు తెరిచి జవాబు చెప్పే ఇజాజత్ లేని వాళ్ళు ఎక్కువగా చేసే పని ఇదే. గుస్సా బయటికి పోయే దారిలేక దవడ కండల్లో దాక్కుంటుంది.

నాకు ఈ విషయం మీద దిల్‌చస్పీ నా సొంత దవడ వల్లే మొదలైంది. పొద్దున లేస్తే కణతలు బరువు. ఆవలిస్తే చెవి దగ్గర 'టక్'మని శబ్దం. రాత్రుళ్ళు నేను పళ్ళు నూరుతున్నానని, ఆ చప్పుడుకి నిద్ర పట్టట్లేదని మా బేగం షికాయత్. పళ్ళ డాక్టరు రాత్రి పెట్టుకునే తొడుగు చేసిచ్చాడు. దానివల్ల పళ్ళు అరగడం ఆగింది గాని బిగువు పోలేదు. తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు ఆపా దగ్గరికి వెళ్ళాను. ఆమె థాయ్ మాలిష్ కూడా నేర్చుకున్నదట. దవడ నొప్పి అని చెప్తే ఆమె ముందు నా పాదాలు పట్టింది. నాకు తాజ్జుబ్ అయ్యింది. నాలుగైదు సార్లు వెళ్ళాక నోరు ఖుల్లంఖుల్లా తెరుచుకుంది. అప్పట్నుంచి ఈ చేతి ఇల్మ్ ఎక్కడిదీ, ఎవరిదీ అని కితాబులు తిరగేస్తూ వచ్చాను. దొరికిన తారీఖ్‌లో మన బందరు ఉంది, మన హకీములు ఉన్నారు, మన హజ్జాములు కూడా ఉన్నారు. అందుకే రాస్తున్నా.

మేకు దగ్గర ఏం జరుగుతుంది

ముందు దవడ సంగతి కొంచెం. కిందిదవడని నడిపే ముఖ్యమైన కండలు నాలుగు జతలు. చెంప ఎముక నుంచి కిందిదవడ మూల దాకా దిగేది ఒకటి. పళ్ళు గట్టిగా కొరికి చెంప మీద చెయ్యి పెట్టండి, ఉబ్బుతుంది చూడండి, అదే. రెండోది కణత మీద విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. దవడ బిగిస్తే తలనొప్పి రావడానికి వజాహత్ ఇదే. మిగిలిన రెండు జతలు లోపల ఉంటాయి, బయటి నుంచి వేలికి సరిగ్గా అందవు.

ఇక కీలు. ఇది ఒక్క పనే చేసే కీలు కాదు. నోరు తెరిచేటప్పుడు ముందు తిరుగుతుంది, తర్వాత ముందుకి జారుతుంది. ఎముకకీ ఎముకకీ మధ్య పల్చటి గద్దెలాంటిది ఒకటి ఉంటుంది. అది చోటు తప్పితే 'టక్' శబ్దం. పైగా కుడి కీలు, ఎడమ కీలు ఒకే ఎముకకి రెండు చివరలు. ఒకటి రూసిపోతే రెండోదానికీ తకలీఫ్ తప్పదు.

ఖాళీగా ఉన్నప్పుడు మన పై పళ్ళూ కింద పళ్ళూ తాకకూడదు. పెదాలు మూసి, పళ్ళు విడిగా, నాలుక పై పళ్ళ వెనకాల ఆనించి ఉంచడం దవడకి ఆరామ్. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప మిగతా టైమంతా పళ్ళకి ఛుట్టీయే. మనమే వాటిని గంటలకొద్దీ పనిలో పెడుతున్నాం.

అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి-ముక్కు-గొంతు డాక్టరు 1934లో చెవి పోటు, చెవిలో హోరు, తలనొప్పి లాంటి వాటికి దవడ కీలుతో రిష్తా ఉందని రాశాడు. చాలాకాలం ఈ బీమారీని ఆయన పేరుతోనే పిలిచారు. పళ్ళు సరిగ్గా కలవకపోవడమే మూలం అనే ఆయన వాదన తర్వాత నిలబడలేదు. కండల బిగువు, మనసు మీద బరువు, నిద్ర అన్నీ ఇందులో ఉన్నాయని తర్వాతి డాక్టర్లు తేల్చారు. మామూలు కేసుల్లో ఇప్పుడు కత్తి పట్టరు. మెత్తటి తిండి, వేడి కాపడం, కండలు సడలించే మర్దన, చిన్న చిన్న కస్రత్‌లు, ఇవే ముందు చెప్తారు. అంటే తిరిగి తిరిగి మళ్ళీ చేతి దగ్గరికే వచ్చాం.

చేతి ఇల్మ్ ఎంత పాతది

ఈ చెయ్యి చాలా పాతది. 1862లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ ఈజిప్టులోని లక్సర్‌లో ఒక పాత చుట్ట కొన్నాడు. దాదాపు 3600 ఏళ్ళ కిందటి నకలు అది. అందులో 48 దెబ్బల కేసులు ఉన్నాయి. 25వ కేసు తప్పిన దవడ. నోరు తెరిచిందే తప్ప మూసుకోని మనిషికి ఏం చెయ్యాలో రాసుంది. రెండు బొటనవేళ్ళూ నోట్లో దవడ చివర్ల మీద పెట్టు, మిగతా వేళ్ళు గడ్డం కింద పట్టు, వెనక్కి తొయ్యి, చోటుకి పడుతుంది అని. ఇప్పటి క్యాజువాలిటీ డాక్టరు చేసేదీ అసల్‌లో ఇదే.

కుర్తుబా నగరపు అల్-జహ్రావీ తన 'అల్-తస్రీఫ్'లో జర్రాహీ భాగంలో తప్పిన దవడకి బాబ్ రాశాడు. ఇబ్నె సీనా 'అల్-ఖానూన్'లోనూ ఉంది. అయితే తప్పిన దవడ వేరు, బిగిసిన దవడ వేరు. బిగువుకి మన యునానీ తిబ్బ్‌లో ఉన్న మాట 'దల్క్'. అంటే రుద్దడం, మర్దన. ఇలాజ్ బిత్ తద్‌బీర్, అంటే మందు లేకుండా తద్‌బీర్‌తో చేసే చికిత్సల్లో హిజామా, హమ్మామ్, రియాజత్‌లతో పాటు దల్క్‌కి కూడా పక్కా జాగా ఉంది.

ఇబ్నె సీనా దల్క్‌ని ఎంత బారీకుగా విడదీశాడో చూడండి. గట్టి దల్క్ వొంటిని బిగిస్తుంది. మెత్తటి దల్క్ సడలిస్తుంది. ఎక్కువసేపు చేస్తే కండ తగ్గుతుంది. మధ్యస్తంగా చేస్తే వొళ్ళు పడుతుంది. గరుకు బట్టతో చేసేది వేరు, మెత్తటి అరచేత్తో చేసేది వేరు. కస్రత్‌కి ముందు వొంటిని తయార్ చేసేది 'దల్క్-ఎ-ఇస్తిదాద్', తర్వాత అలసట తీసేది 'దల్క్-ఎ-ఇస్తిర్‌దాద్'. వీటిలో చాలా సంగతులు జాలీనూస్ అనే యునాని హకీము నుంచి వచ్చినవే, ఆ వారసత్ సంగతి దాచాల్సిన పనేం లేదు. ఇల్మ్ అనేది ఎవరి దగ్గర్నుంచి వచ్చినా ఎదురెళ్ళి తీసుకున్న జమానా అది.

ఇందులో నాకు నచ్చిన నుక్తా ఒకటే. 'గట్టిగా చేస్తే బిగుస్తుంది, మెత్తగా చేస్తే సడలుతుంది.' బిగిసిన దవడని ఇంకా గట్టిగా గుచ్చి పిసికితే ఏమవుతుందో వెయ్యేళ్ళ కిందే చెప్పేశాడు. నా దవడ పట్టిన ఆపా కూడా వేలిని ఎక్కడా గుచ్చలేదు. ఆనించి, ఆగి, నా ఊపిరి బయటికి పోయేటప్పుడు కొంచెం బరువు వేసేది.

శహ్ర్-ఎ-నౌ

ఇక సయాం, అంటే ఇవ్వాళ్టి థాయ్‌లాండ్ దగ్గరికి వెళ్దాం. అక్కడ మాలిష్ నేర్పే ప్రతి చోటా ముందు ఒక ఉస్తాద్‌ని తలుచుకుంటారు. ఆయన పేరు జీవకుడు. బుద్ధుడి కాలంలో మగధ రాజు బింబిసారుడి హకీము. చదువుకున్నది తక్షశిలలో, అంటే ఈ రోజు పాకిస్తాన్‌లో ఉన్న టాక్సిలాలో. ఏడేళ్ళ చదువు అయ్యాక గురువు ఆయనకి ఇమ్తిహాన్ పెట్టాడట. చుట్టుపక్కల ఆమడ దూరంలో మందుకి పనికిరాని మొక్క ఒక్కటి పట్టుకురమ్మన్నాడు. జీవకుడు తిరిగి తిరిగి ఖాళీ చేతుల్తో వచ్చాడు. పనికిరానిది ఏదీ కనపడలేదన్నాడు. పాస్ అయ్యాడు. పాళీ గ్రంథాల్లో ఆయన కత్తి పట్టే జర్రాహ్, మందులిచ్చే హకీము. మాలిష్‌కి అబ్బాజాన్‌గా ఆయన్ని కొలవడం థాయ్ వాళ్ళ రివాయత్.

అయుత్తయ రాజ్యపు పాత ఖానూన్‌లలో, 1455 నాటిదిగా చెప్పే ఉద్యోగాల చట్టంలో, మర్దన వైద్యులకి దర్బారులో ఒక ప్రత్యేక మహ్‌కమా ఉంది. వాళ్ళకి హోదా, ర్యాంకు ఉన్నాయి. ఇది గుర్తు పెట్టుకోండి. మర్దన చేసేవాడు అక్కడ సర్కారీ ముద్ర ఉన్న హకీము.

1687లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ తరఫున సిమోన్ ద లా లుబేర్ అనే రాయబారి అయుత్తయ వెళ్ళాడు. తిరిగొచ్చి 1691లో అచ్చేసిన కితాబులో ఒక సంగతి రాశాడు. సయాంలో ఎవరికి జబ్బు చేసినా ముందు చేసే పని వొంటిని మెత్తబరిచే నేర్పరిని పిలవడమేనట. ఆ మనిషి రోగి మీదకెక్కి కాళ్ళతో తొక్కుతాడట. కాన్పు కష్టం కాకుండా గర్భిణులు కూడా పిల్లల చేత నడుము తొక్కించుకుంటారట. ఫ్రెంచి దర్బారు మనిషికి అది అజీబ్‌గా కనపడి ఉంటుంది. మన పల్లెల్లో పొలం నుంచి వచ్చిన నాన్న బోర్లా పడుకుని చిన్నపిల్లల్ని వీపు మీద నడవమనడం తెలిసినవాళ్ళకి అందులో ఆశ్చర్యం ఏముంది!

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో సఫర్ జరిగింది. ఇరాన్ బాద్‌షా షా సులైమాన్ 1685లో అయుత్తయకి రాయబార బృందాన్ని పంపాడు. ఆ బృందపు కాతిబ్ ముహమ్మద్ రబీ రాసిన ఫార్సీ సఫర్‌నామా పేరు 'సఫీనా-ఎ-సులైమానీ', అంటే సులైమాన్ ఓడ. అయుత్తయని ఫార్సీ వాళ్ళు 'శహ్ర్-ఎ-నౌ' అని పిలిచేవాళ్ళు. అప్పటికే అక్కడ ఇరానీల మొహల్లా ఉంది. ఖుమ్ నగరం నుంచి వచ్చిన షేక్ అహ్మద్ అయుత్తయ దర్బారులో పెద్ద వజీర్ స్థాయికి ఎదిగాడు. అక్కడి ముస్లింలకి పెద్దగా ఆయనకి వచ్చిన పదవి 'చుళారాచమొంత్రి' ఇవ్వాళ్టికీ ఉంది. థాయ్‌లాండ్ ముస్లింల ముఖ్య ధార్మిక పెద్దని ఈ పేరుతోనే పిలుస్తారు.

ఇందులో మన హిస్సా ఏమిటి? మచిలీపట్నం. గోల్కొండ కుతుబ్‌షాహీల బందరు నుంచి బట్టలు ఓడలెక్కి బంగాళాఖాతం దాటి మెర్గూయి రేవులో దిగేవి. ఇప్పుడది మయన్మార్‌లో ఉంది గాని అప్పట్లో సయాం రాజుది. అక్కడ్నుంచి పడవల మీద, అడవి దారిన అయుత్తయకి. అటు నుంచి ఏనుగులు ఓడలెక్కి మన తీరానికి వచ్చేవి. కలంకారీ గుడ్డ పోయేది, ఏనుగు వచ్చేది! మెర్గూయిలో షాబందరుగా సయాం రాజు పెట్టుకున్న సామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు గోల్కొండ ఓడల మీద పడి దోచుకోవడంతో 1685 తర్వాత సయాంకీ గోల్కొండకీ జంగ్ కూడా అయ్యింది. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతిలోకి పోయింది. ఆ పాత రాస్తా మెల్లగా మాసిపోయింది.

సయాం రాజు నారాయణ్ కాలం (1656-1688) నాటి మందుల కితాబులో థాయ్ వైద్యులతో పాటు చైనా వైద్యుడి, హిందూస్తానీ వైద్యుడి, ఫిరంగీ వైద్యుడి నుస్ఖాలు పక్కపక్కనే ఉన్నాయి. వాళ్ళ మాలిష్ శాస్త్రంలోనూ ఈ కలగలుపు కనిపిస్తుంది. వొంట్లో పది ముఖ్యమైన 'సెన్'లు, అంటే దారాలు ఉన్నాయంటారు. అన్నీ బొడ్డు చుట్టుపక్కల మొదలవుతాయి. మొదటి మూడింటి పేర్లు ఇత్థా, పింగ్‌ఖలా, సుమనా. యోగం చదివిన వాళ్ళు వెంటనే గుర్తు పడతారు: ఇడ, పింగళ, సుషుమ్న. రెండు దారాలు ముక్కుకి, రెండు కళ్ళకి, రెండు చెవులకి పోతాయి. సుమనా గొంతులోంచి నాలుక మొదలు దాకా పోతుంది. భూమి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగు ధాతువుల లెక్కలో చాలా నొప్పులకి కారణం 'లోమ్', అంటే గాలి, దారి మూసుకుపోవడం. మన యునానీలోనూ అర్కాన్ నాలుగే: ఆగ్, హవా, పానీ, మట్టీ. మా నానీ ఏ నొప్పికైనా 'బాదీ పట్టింది' అనేది. బాద్ అంటే గాలే కదా!

ఈ సెన్‌లు కోసి చూస్తే కనపడే నరాలు కావు. అది వాళ్ళ నక్షా. కాని ఆ నక్షాలో చెవికి పోయే దారం దవడ కీలు పక్కగానే పోతుంది. చెవి, గొంతు, నాలుక, దవడ ఒకే మొహల్లా అని చేత్తో తెలుసుకున్న వాళ్ళు గీసిన నక్షా అది.

రాయి మీద రాసిన కితాబు

1767 ఏప్రిల్‌లో బర్మా సైన్యం అయుత్తయని కాల్చి బూడిద చేసింది. కుతుబ్‌ఖానాలు పోయాయి. తాటాకుల్లో, కాగితాల్లో ఉన్న వైద్యం చాలామటుకు బర్‌బాద్ అయ్యింది. 1782లో బ్యాంకాక్ రాజధాని అయ్యింది. కొత్త వంశపు మొదటి రాజు వాట్ ఫో అనే పాత విహారాన్ని 1788 నుంచి బాగు చేయించి, మిగిలిన వైద్యాన్ని అక్కడ పోగు చేయించాడు.

అసలు గొప్ప పని చేసింది ఆయన మనవడు మూడో రామా. 1830ల్లో మొదలుపెట్టిన మరమ్మత్తులో ఆయన రాజ్యంలోని వైద్యుల దగ్గరున్న ఇల్మ్‌ని తెప్పించి, పరీక్ష చేయించి, పాలరాతి పలకల మీద చెక్కించి విహారం గోడలకి పెట్టించాడు. అందులో మాలిష్ పటాలు 60 ఉన్నాయి. మనిషి బొమ్మ, దాని మీద చుక్కలు, చుక్క నుంచి గీత, గీత చివర ఏ నొప్పికి ఎక్కడ నొక్కాలో రాత. వీటితో పాటు వొళ్ళు విరుచుకునే రుషుల లోహపు బొమ్మలు 80 పోతపోయించాడు. వొంటిని తనే ఎలా సాగదీసుకోవాలో చూపించే బొమ్మలవి. ఇప్పుడు ఇరవై పైచిలుకు మిగిలాయి.

ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. ఆ జమానాలో చాలా చోట్ల వైద్యం అంటే ఖాందానీ రాజ్. బాప్ బేటాకి చెప్తాడు, ఉస్తాద్ ఒక్క షాగిర్ద్‌కి చెప్తాడు. మన హకీముల బయాజ్‌లు, అంటే నుస్ఖాలు రాసుకున్న సొంత నోటుబుక్కులు, ఎన్ని పెట్టెల్లోనే చెదలు తినలేదు? ఒక రాజు ఆ పెట్టె పగలగొట్టి గోడకి అంటించాడు. చదువొచ్చిన ఎవరైనా వచ్చి చూసి పోవచ్చు. కాగితం కాలిపోతే ఏమవుతుందో ఒకసారి చూసిన వాళ్ళు కాబట్టి రాయిని ఎంచుకున్నారు. 2011లో యునెస్కో ఈ వాట్ ఫో శిలాలేఖల్ని 'ప్రపంచ జ్ఞాపకం' జాబితాలో చేర్చింది.

ఇజ్జత్ పోయిన రోజులు

అంతా సాఫీగా ఏం జరగలేదు. 1888లో బ్యాంకాక్‌లో సిరిరాజ్ ఆస్పత్రి తెరిచారు. మొదట్లో అక్కడ రెండు వైద్యాలూ నేర్పేవాళ్ళు. 1915 వచ్చేసరికి దేశీ వైద్యాన్ని సిలబస్ నుంచి తీసేశారు. 1923లో వైద్య చట్టం వచ్చింది. పట్టాలేని వైద్యులు భయంతో కితాబులు దాచేశారు. దర్బారీ మాలిష్ తెలిసిన వాళ్ళు పల్లెలకి, గల్లీలకి పోయారు.

దీనికన్నా పెద్ద దెబ్బ తర్వాత పడింది. వియత్నాం జంగ్ రోజుల్లో అమెరికా సిపాయిలు సెలవుల కోసం బ్యాంకాక్ వచ్చేవాళ్ళు. 'స్నానం, ఆవిరి, మాలిష్' అనే బోర్డుల వెనకాల వేరే బజారు లేచింది. 1966లో సర్కారు ఆ దుకాణాలకి లైసెన్సు చట్టం తెచ్చింది. 'మాలిష్' అనే లఫ్జ్ మైలపడింది. నిజంగా మర్దన చేసి పిల్లల్ని చదివించుకునే ఆడవాళ్ళు 'నేను మాలిష్ చేస్తాను' అని చెప్పుకోడానికి సిగ్గుపడాల్సి వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి, మగవాళ్ళ హవస్‌కి బజారు పెట్టింది ఎవరు, బద్‌నామ్ అయ్యింది ఎవరు?

ఆ ఇజ్జత్‌ని తిరిగి తెచ్చుకున్నది వాళ్ళే. 1955లో వాట్ ఫోలో దేశీ వైద్య పాఠశాల మొదలైంది. తర్వాత గంటల లెక్కన కోర్సులు, పరీక్షలు, సర్టిఫికెట్లు వచ్చాయి. కంటిచూపు లేని వాళ్ళకి నేర్పారు. చియాంగ్ మై ఆడవాళ్ళ జైలు ఖైదీలకి నేర్పి, బయట జనానికి మర్దన చేసే కేంద్రం నడుపుతోంది. 2019 డిసెంబర్‌లో బొగోటాలో జరిగిన సమావేశంలో యునెస్కో 'నువద్ థాయ్'ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఏ పేరు చెప్పుకోడానికి సిగ్గుపడ్డారో ఆ పేరునే.

దవడ ఎలా పడతారు

ఇప్పుడు పనికొచ్చే ముచ్చట. థాయ్ మర్దనలో నూనె ఉండదు, బట్టలు విప్పే పని లేదు. వదులు బట్టలతో నేల మీద పరుపు మీద పడుకుంటాం. మన ఇళ్ళలో పరదా పాటించే వాళ్ళకి కూడా ఇది సౌలత్. పాదాల నుంచి మొదలై కాళ్ళు, వీపు, భుజాలు అయ్యాక ఆఖర్లో తలకి వస్తారు. ఇది ఉత్తి ఆచారం కాదు. భుజాలు, మెడ బిగిసి ఉంటే దవడ ఒక్కదాన్ని ఎంత పట్టినా గంటలో మళ్ళీ బిగుస్తుంది.

తల దగ్గర కూర్చుని, రెండు బొటనవేళ్ళతో గడ్డం మధ్య నుంచి మొదలుపెట్టి దవడ అంచు వెంబడి చెవి దాకా ఒక్కో వేలెడు దూరంలో ఆనించి కొన్ని క్షణాలు ఆగుతారు. చెవి ముందర కీలు దగ్గర నొక్కరు, మెల్లగా సున్నా చుట్టినట్టు తిప్పుతారు. తర్వాత చెంప కండ, కణత, పుర్రె కింద మెడ గుంటలు. కర్పూరం, నిమ్మగడ్డి, పసుపు జాతి దుంపలు గుడ్డలో మూటకట్టి ఆవిరి పట్టి అద్దడం కూడా ఉంది. మన ఇళ్ళలో ఉప్పు మూటతో పెట్టే కాపడానికి, యునానీలో చెప్పే 'తక్మీద్'కి అది చెల్లెలే.

ఇంట్లో మీరే చేసుకోవచ్చు. గోరువెచ్చటి గుడ్డ ఐదు నిమిషాలు చెంపల మీద పెట్టండి. పళ్ళు విడదీసి, నోరు కొద్దిగా తెరిచి, మూడు వేళ్ళతో చెంప కండని మెత్తగా గుండ్రంగా రుద్దండి. ఊపిరి వదిలేటప్పుడే బరువు వెయ్యండి. దర్ద్ పుట్టేలా చెయ్యకండి. రెండు మూడు నిమిషాలు చాలు. పగటిపూట ఫోన్ చూసినప్పుడల్లా 'నా పళ్ళు తాకుతున్నాయా?' అని మిమ్మల్ని మీరు అడగండి.

కొన్ని చోట్ల మర్దన పనికిరాదు. నోరు తెరుచుకోకుండా లేదా మూసుకోకుండా తాళం పడితే, దవడ వాచి జ్వరం వస్తే, దెబ్బ తగిలితే డాక్టరు దగ్గరికే పోవాలి. ఛాతీ బిగువు, చెమటలు, ఆయాసంతో పాటు దవడ లాగుతుంటే అది గుండె కావచ్చు, ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. మెడ ఎముకల్ని 'టక్'మనిపించే వాళ్ళకి మెడ అప్పగించొద్దు. గొంతు పక్కల నొక్కనివ్వొద్దు.

మన హజ్జాము సంగతి

ఇంత తారీఖ్ చదివాక నాకు మా మొహల్లా హజ్జాం చాచా గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు జుట్టు కత్తిరించాక ఆయన తలకి చంపీ చేసేవాడు. అక్కడితో ఆగకుండా రెండు అరచేతుల మడమలతో కణతలు నొక్కి, చెంపల మీదుగా దవడ మూల దాకా దింపి, అక్కడ ఆగేవాడు. సున్తీలు ఆయనే చేసేవాడు. గడ్డలు కోసేవాడు. బెణికిన చెయ్యి లాగేవాడు. కాని పెళ్ళి దావత్‌లో ఆయన దస్తర్‌ఖాన్ చివర్నే కూర్చునేవాడు. ఆయన కూతుర్ని మా షరీఫ్ ఖాందాన్లలో ఎవరూ చేసుకునే వాళ్ళు కాదు. కోపం వస్తే 'హజ్జాం' అనేది తిట్టు. ఇస్లాంలో కులం లేదంటూనే మనం వాడిన తిట్టు.

హజ్జాం అనే లఫ్జ్ ఎక్కడిది? హిజామా చేసేవాడు హజ్జాం. అంటే వైద్యుడు. రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం గారికి హిజామా చేసిన అబూ తైబా ఒక గులాం. ఆయనకి కూలీ ఇప్పించి, యజమానులు ఆయన మీద వేసిన రుసుం తగ్గించమని చెప్పినట్టు హదీసుల్లో ఉంది. ఈ రోజు ఏసీ క్లినిక్‌ల మీద 'హిజామా సెంటర్' అని బోర్డులు మెరుస్తున్నాయి. హిజామాకి ఇజ్జత్ వచ్చింది, హజ్జాముకి రాలేదు. 2007లో మన రాష్ట్రంలో ముస్లింలకి ఇచ్చిన బీసీ-ఇ రిజర్వేషన్ జాబితాలో 'హజాం, నాయి ముస్లిం' అని పేరు ఉందంటే, ఆ వెనకబాటు సర్కారు కాగితం మీద కూడా సబూత్ అయ్యిందన్న మాట.

చంపీ తారీఖ్ చిన్నదేం కాదు. 1759లో పట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ ఇంగ్లండు పోయి, బ్రైటన్ సముద్రం ఒడ్డున ఆవిరి స్నానాల ఇల్లు పెట్టి, చంపీ చేసి, ఇద్దరు రాజులకి, నాలుగో జార్జికీ నాలుగో విలియంకీ, మర్దన ఉస్తాద్ అయ్యాడు. 1822లో దాని మీద కితాబు అచ్చేశాడు. 'షాంపూ' అనే మాట మన 'చాంపో' నుంచే పోయింది. సీసాలో నురగగా మిగిలిన ఆ మాటకి అసలు అర్థం చేత్తో నొక్కడం.

థాయ్ వాళ్ళ చెయ్యి మన చెయ్యి కంటే ఎక్కువ ఏం కాదు. వాళ్ళు 1455 నాటి చట్టంలో మర్దన వైద్యుడికి హోదా ఇచ్చారు. 1830ల్లో ఆయన ఇల్మ్‌ని రాతి మీద చెక్కారు. మధ్యలో బద్‌నామ్ అయితే బడి పెట్టి తిరిగి నిలబెట్టారు. మనం? చార్మినార్ పక్కనే నిజాం కట్టించిన యునానీ దవాఖానా ఉంది. అక్కడ దల్క్ పాఠం ఉంది. రెండు గల్లీల అవతల సెలూన్‌లో ఒక హజ్జాం మనవడు రోజంతా ఆ పాఠాన్నే చేతుల్తో చేస్తుంటాడు. ఆ రెండు గల్లీల మధ్య దూరం కులం దూరం. పాఠం చదివినవాడు హకీం సాబ్, చేతిలో ఉన్నవాడు 'ఒరే'.

మీలో ఎవరి ఇంట్లోనైనా హజ్జాం తాతలు, దాయీ నానీలు, పిల్లలకి లాలపోసి కాళ్ళూ చేతులూ సాగదీసే అవ్వలు ఉంటే, వాళ్ళ దగ్గర కూర్చోండి. ఎక్కడ నొక్కుతారు, ఎంతసేపు, ఏ నొప్పికి, ఆ చోటుకి వాళ్ళు పెట్టుకున్న పేరేంటి అని అడగండి. ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. వాళ్ళ పేరు, వాళ్ళ ఉస్తాద్ పేరు కూడా రాయండి, వాళ్ళు ఇజాజత్ ఇస్తేనే. నేను మా హజ్జాం చాచా కొడుకుతో మొదలుపెట్టాను. దవడ మూల దగ్గర ఎందుకు ఆగుతారని అడిగితే, 'అక్కడ మనిషి ఏదో పట్టుకోని ఉంటాడు భయ్యా, వదిలేదాకా ఆగాల' అన్నాడు. నోటుబుక్కులో మొదటి పేజీ అదే.